అత్తగారి ఆల్బమ్‌లో నా ముఖం

యాభై దాటిన ఆడదానికి సొంత ముఖం అనవసరం! ఇది నా నిశ్చితాభిప్రాయం. ఇంట్లో ఉన్న ముఖాన్నే తలా కాస్త సర్దుకుని వాడుకుంటే సరిపోదూ?

ఈ జ్ఞానం నాకు మొన్న పొద్దున హాల్లో అద్దం దగ్గర కలిగింది. మిరపపండు రంగు పట్టుచీర భుజం మీద వేసుకుని చూసుకుంటున్నాను. మావారు దువ్వెన పట్టుకుని వెనకాల తచ్చాడుతున్నారు.

"కాస్త జరుగుతావా? ఆఫీసుకి టైమవుతోంది."

"ఉన్న నాలుగు వెంట్రుకలకీ అద్దం ఎందుకండీ? తడిమి చూసుకుంటే తెలియదూ?"

"నా జుట్టు సంగతి సరే. ఆ చీరేమిటి, ఫైరింజన్‌లా! ఆదివారం కాలేజీ స్నేహితురాళ్ళని కలవడానికి వెళ్తున్నావా, మంటలార్పడానికా?"

సోఫాలో ఉన్న మా అమ్మాయి తలెత్తకుండానే తీర్పు చెప్పేసింది. "ఆ బూడిద రంగుది కట్టుకో అమ్మా. హుందాగా ఉంటుంది. అచ్చం బామ్మలా ఉంటావు."

గమనించారా? బామ్మ అంటే మా అత్తగారు. ఆవిడకీ నాకూ రక్తసంబంధం లేదు. ఆవిడ కొడుకుని పెళ్ళి చేసుకున్నాను, అంతే!

అమ్మ పోలికా నాన్న పోలికా రావడంలో గొప్పేముంది? వయసొచ్చేకొద్దీ మా తమ్ముడికి నాన్న గడ్డమే కాదు, ఆయన దగ్గు కూడా వచ్చేసింది. అవన్నీ తేరగా దొరికేవి. అత్తగారి పోలిక రావాలంటే ఎంత సాధన కావాలి!

నమ్మకపోతే మావారి ఫోన్ చూడండి. ముఖాలు పోల్చుకుని ఎవరి ఫోటోలు వాళ్ళకి సర్దిపెట్టే తెలివి ఉంది దానికి. ఒకరోజు అది నా ఫోటో, అత్తగారి ఫోటో పక్కపక్కన పెట్టి, "వీరిద్దరూ ఒకరేనా?" అని అడిగింది. మావారు పేపర్లోంచి కళ్ళు తిప్పకుండా "అవును" నొక్కేశారు. అంతే, నేను అత్తగారి ఆల్బమ్‌లో కలిసిపోయాను. ఆ ఫోన్ లెక్క ప్రకారం మా పెళ్ళిఫోటోలో సిగ్గుపడుతూ మావారి పక్కన నిలబడింది ఆయన కన్నతల్లే!

ఎంత సుఖమో ఆలోచించండి. ఫోటో బాగా రాలేదన్న బెంగ లేదు, అది ఎవరిదో తేలితే కదా! ఫ్యామిలీ గ్రూపులో నా ఫోటో కింద "పెద్దమ్మ ఈ వయసులోనూ ఎంత చలాకీగా ఉన్నారో!" అని రాస్తున్నారు. పొగడ్త పొగడ్తే. ఎనభై ఏళ్ళ మనిషినని అనుకుంటే నేను నిజంగానే చలాకీ.

ఈ పోలికకి కావలసిన సరంజామా కూడా తక్కువే. మా ఇంట్లో ఆడవాళ్ళకి ఓ వయసు రాగానే బీరువాలోంచి రంగులు ఒక్కొక్కటే సెలవు పుచ్చుకుంటాయి. ముందు ఎరుపు. ఎవరూ కట్టుకోవద్దనరు, "ఇప్పుడెందుకులే" అంటారు. ఆ తర్వాత జడ ముడిగా మారుతుంది. కళ్ళజోడుకి గొలుసు వేలాడుతుంది. పైన బూడిద రంగు చీర చుడితే ఎవరైనా మా అత్తగారే. మీరు వచ్చి నిలబడినా అంతే!

మగవాళ్ళకి ఈ సౌకర్యం లేదు, పాపం. మావారు అచ్చు గుద్దినట్టు మా మామగారే. అయినా ఆమధ్య చిలకాకుపచ్చ టీషర్టు కొని తెచ్చుకున్నారు. వేసుకుని ఇల్లంతా తిరుగుతుంటే "పదేళ్ళు తగ్గారు" అన్నాం అందరం. నేనైతే రెండుసార్లు అన్నాను.

ఇన్ని సుఖాల్లోనూ నాకు ఒక్కటే చిక్కు. ఆదివారం వచ్చేవాళ్ళెవరూ మా అత్తగారిని చూసి ఎరగరు. హాస్టల్లో పక్కమంచం మీద పడుకుని, దీపం ఆర్పాక కూడా నవ్వు ఆపుకోలేని పిల్ల కోసం వెతుక్కుంటూ వస్తారు. గుమ్మంలో ఎవరో పెద్దావిడ కనబడితే, మర్యాదగా నమస్కారం పెట్టి, దారిచ్చి, ఆ పిల్ల ఇంకా రాలేదేమిటని నా వెనక్కి చూస్తే?

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరికీ వడ్డించి, నేనూ కూర్చుని చెప్పేశాను. "ఆదివారం నేను ఆ ఎర్రచీరే కట్టుకుంటున్నాను."

మావారు తిన్నగా పైకోర్టుకి వెళ్ళారు. "చూడమ్మా, నువ్వైనా చెప్పు. ఈ వయసులో..."

అత్తగారు నిదానంగా మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. "ఏ వయసులోరా? నేను ఎరుపు మానేసినప్పుడు నాకు దీని వయసు కూడా లేదు. మీ బామ్మ ఓ చూపు చూసింది, మానేశాను. ఎవరికి ఒరిగింది?"

తర్వాత నా వైపు తిరిగారు. "అమ్మాయ్, ఆదివారం నువ్వు కట్టుకో. రాగానే మడత పెట్టి నా మంచం మీద ఉంచు. సోమవారం నాకు కావాలి."

మా అమ్మాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎక్కడికెళ్తావ్ బామ్మా, అది కట్టుకుని?"

"ఎక్కడికీ లేదే. ఇదిగో, ఇక్కడే కూర్చుని అన్నం తింటాను."