గారెల కోసం మునక

వినుకొండ దగ్గరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి మెహర్ పొద్దున్నే సైన్సు ప్రదర్శన కోసం తన గాజు తొట్టి సర్దుకుంది. అడుగున చల్లని నీళ్లు, పైన ఎర్రరంగు కలపాల్సిన వేడినీళ్లు, లోతున మైనపు చేపలు, వాటికోసం ఊపిరి బిగబట్టి మునిగే సముద్ర జంతువు సీల్ రబ్బరు బొమ్మ. జిల్లా పరిశీలకులు మాలిక్ గారు మెచ్చితే ప్రదర్శన విశాఖకు వెళుతుంది. సముద్రం గురించి గంటసేపు చెప్పగల మెహర్ ఇంతవరకూ సముద్రాన్ని చూడలేదు. ఈసారి చూసి తీరాలని పంతం పట్టింది.

తీరా చూస్తే రంగు పొట్లం కనబడలేదు. "ఎరుపేగా తల్లీ, నే చూసుకుంటాలే," అన్నాడు అటెండరు జక్రయ్య. మంచి మనిషే, కానీ ఆయన సాయానికి వస్తే సైన్సు టీచరు సంతోషకుమారికి గుండె దడ. ఆయన నీళ్లలో ఏదో ఎర్రగా కలిపాడు. చల్లారకూడదని వాటర్ హీటరు పెట్టాడు. గాలి తగలకూడదని కిటికీలన్నీ మూశాడు.

బ్రాడీపేట నుంచి ఖాళీ కడుపుతో వచ్చిన మాలిక్ గారు గదిలో అడుగుపెట్టేసరికి తొట్టి పైనీళ్లు కుతకుతలాడుతున్నాయి. తుమ్ములు, దగ్గులు. టీచరు హీటరు మీట ఆపేసింది. అందరూ వరండాలోకి పరుగెత్తారు.

"ఏం కలిపావు జక్రయ్యా?" అంది టీచరు దగ్గుతూ.

"కారమేనండి. వంటగదిలోది. రంగు బాగుంటదని."

మెహర్‌కు ఏడుపొచ్చింది. ఘాటు పుణ్యమా అని ఎవరూ గమనించలేదు.

మాలిక్ గారి కోసం తెచ్చిన గారెలు, చట్నీ ఉన్న డబ్బా లోపలే ఉండిపోయింది. ఆకలికి ఆగలేక ఆయన ఊపిరి బిగబట్టి లోపలికి దూరారు. డబ్బా గుమ్మం పక్క బల్ల మీదే ఉంది. మూడు గారెలు నమిలి బయటపడ్డారు. "గారెలకి ఘాటు పట్టేస్తదండీ," అంటూ జక్రయ్య ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వెళ్లి డబ్బాను గది చివరి మూలకు చేర్చాడు. పక్కనే ఉన్న కిటికీ తెరవాలని మాత్రం ఆయనకు తోచలేదు. రెండోసారి మాలిక్ గారు బిగబట్టిన ఊపిరి ఆ మూలదాకా వెళ్లడానికీ రావడానికే సరిపోయింది. దక్కింది ఒక్క గారె.

"అంతే సార్!" మెహర్ కళ్లు తుడుచుకుంటూ అరిచింది. "సముద్రం పైన వేడెక్కితే చేపలు చల్లదనం కోసం లోతుకి పోతాయి. సీల్ ఊపిరంతా దిగడానికీ ఎక్కడానికే అయిపోద్ది. ఇంక తినడానికి టైమెక్కడ సార్?"

మాలిక్ గారు చేతిలోని గారె వంక చూశారు. "ఎంతసేపు ఊపిరి బిగబట్టగలదమ్మా?"

"పెద్ద జాతులైతే అరగంట సార్."

"నావల్ల అర నిమిషం కాలేదు." ఆయన ముక్కు తుడుచుకుని నవ్వారు. "విశాఖకి బట్టలు సర్దుకో. కారం మాత్రం తేవొద్దు."

మెహర్ వరండా అంతా గంతులేసింది. ఆయన ఫారంలో ఇలా రాశారు: "నమూనా చక్కగా అర్థమైంది. చట్నీ దాకా చేరలేకపోయాను."