అమ్మకి డిగ్రీన్నర

ఆదివారం పొద్దున్న లేస్తూనే ఇన్సూరెన్సు ఏజెంటు ఇంట్లో ఫ్యాన్లన్నీ కట్టేశాడు. ముందురోజు టీవీలో భూమి వేడెక్కిపోవడం మీద డాక్యుమెంటరీ చూశాడు. జనాన్ని భయపెట్టి పాలసీలు కట్టించడం అతని వృత్తి. అలాంటివాణ్ణే అది హడలగొట్టేసింది. అందులో భూమిని మొదటినుంచి చివరిదాకా 'అమ్మ' అనే అన్నారు. మంచుకొండ విరిగిపడే చోట ఏజెంటు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఈ ఒక్కరోజూ మన ఇంటి పేరు చెప్పి చుక్క పెట్రోలు కాలకూడదు. కరెంటూ వాడకూడదు," అన్నాడు భార్యతో.

ఎండలు ముదిరినప్పటినుంచీ ఆవిడ ఏసీ కోసం పోరుతోంది. "సరే. సాయంత్రం దాకా నిలబెట్టుకోండి, ఇక ఏసీ ఊసెత్తను. తప్పారో, రేపే కొనాలి."

"పందెం," అన్నాడతను. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ మీద ఒక్క పందెమూ గెలవలేదు. ఇదైనా గెలవాలని మహా పట్టుదలగా ఉంది.

తనొక్కడూ మారితే చాలదు కదా అని అన్నయ్యకి ఫోను చేశాడు. ఫోనులో చార్జింగు అడుగంటింది. మళ్ళీ పెడదామంటే పందెం అడ్డం. అందుకని పాలసీలమ్మే గొంతుతో నాలుగు ముక్కల్లో తేల్చేశాడు.

"అన్నయ్యా, అమ్మకి జ్వరం. మనమే చేజేతులా తెచ్చిపెట్టాం. ఇంకో డిగ్రీన్నర పెరిగితే ఎవరి చేతుల్లోనూ ఉండదట. నువ్వు వెంటనే..."

'కారు మానెయ్' అనేలోపు ఫోను ఆరిపోయింది.

అన్నయ్య తిరిగి చేస్తే పలకలేదు. వెంటనే అక్కయ్యకి చెప్పాడు. అక్కయ్య ఏడుస్తూ చెప్పడం వల్ల బాబాయికి సగమే అర్థమైంది. ఆ సగం మరీ ఘోరంగా ఉంది. ఆయన ఇంటిల్లిపాదినీ రెండు కార్లలో ఎక్కించి బయల్దేరాడు.

ఇక్కడ ఏజెంటు ఇంట్లోనే ఉండే అమ్మ, ఫ్యాన్లు లేని ఉక్కపోతకి తాళలేక, నుదుటిమీద తడిగుడ్డ వేసుకుని హాల్లో చాపమీద పడుకుంది. అన్నయ్య వచ్చి చూసింది ఆ అవతారాన్నే.

"ఎలా ఉందమ్మా?"

"ఎలా ఉంటుందిరా, ఒళ్ళంతా కాలిపోతోంది," అంది ఆవిడ, ఉన్నమాటే.

అన్నయ్య ఆదరాబాదరాగా అంబులెన్సుకి ఫోను చేశాడు. ఆలోపే అక్కయ్యా, బాబాయి బలగమూ దిగిపోయారు.

పెరట్లో చేత్తో బట్టలుతుక్కుంటున్న ఏజెంటు గోల విని లోపలికొచ్చాడు. "అందరూ కార్లలోనే వచ్చారా?" అన్నాడు, సబ్బు చేతులతోనే.

"తల్లి ఇలా పడుంటే నీకు కార్ల గొడవేంట్రా?" అంది అక్కయ్య.

అంబులెన్సులో వచ్చిన డాక్టరు థర్మామీటరు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "జ్వరం లేదే. ఎవరు చెప్పారు మీకు?"

అందరూ ఏజెంటు వైపు తిరిగారు.

"అమ్మంటే ఈ అమ్మ కాదు," అన్నాడతను నసుగుతూ. "భూమాత."

బాబాయి కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. భార్య కిటికీలోంచి బయట ఆగిన కార్లనీ, అంబులెన్సునీ తీరిగ్గా చూసొచ్చింది. "ఇదంతా మన ఇంటి పేరు చెప్పి కాలిందే కదండీ," అంది మెత్తగా.

ఏజెంటుకి నిజంగానే ఏడుపొచ్చింది. ఓడిపోయినందుకు కొంత, చెప్పినమాట ఎవరికీ పట్టనందుకు ఎక్కువ. "నేనేం అబద్ధం చెప్పలేదు. ఆవిడకి నిజంగానే జ్వరం," అన్నాడు.

అమ్మ నుదుటిమీద గుడ్డ తీసేసి లేచి కూర్చుంది. "ఇంతకీ ఇంతమంది పరిగెత్తుకొచ్చింది ఆవిడకోసమా, నాకోసమా?"

"నీకోసమేనమ్మా," అన్నాడు అన్నయ్య నొచ్చుకుంటూ. "ఆవిడకైతే మేమెందుకొస్తాం?"

అమ్మ చిన్నకొడుకు వైపు జాలిగా చూసింది. అన్నయ్యా వాళ్ళూ చెప్పులేసుకున్నారు. ఎక్కేలోపు ఏసీతో లోపల కాస్త చల్లబడాలని వీధిలో కార్లన్నీ అప్పటికే స్టార్టయి ఉన్నాయి.