మూడో క్యాబిన్ దర్జీ

ఆ రోజు పళ్ళు తోముకుంటూ సోమయాజులు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఆఫీసు అవగానే బస్టాండు దగ్గర ఇలియాస్ నెట్ సెంటర్‌లో కూతురు శ్రీజ ఎంసెట్ హాల్‌టికెట్టు ప్రింటు తీయించాలి. ఎవరి కంటా పడకుండా సందుల్లోంచి ఇల్లు చేరాలి. ఆరింటికల్లా నడవాలో చాప మీద వెల్లకిలా పడుకోవాలి. యాభై రెండేళ్ళ మనిషి ఇంతకన్నా తక్కువ కోరుకోవడం కష్టం.

ఆయన తిరువూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఏ కార్యాలయమో చెప్పడం మర్యాద కాదు. ఆయన చేసిన నేరమల్లా చిన్నప్పుడు దస్తూరీ బాగా దిద్దుకోవడం, పెద్దయ్యాక కాదనడం నేర్చుకోకపోవడం. సెలవు చీటీ దగ్గర్నుంచి శుభలేఖ దాకా, పొలం తగాదా అర్జీ దగ్గర్నుంచి పదవీ విరమణ సన్మానపత్రం దాకా ఊళ్ళో ఎవరికేం రాయాలన్నా ఆయనే రాయాలి. ఎ.కొండూరు నుంచి బస్సెక్కి వచ్చి మరీ రాయించుకునేవాళ్ళున్నారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు. నిద్రతో తీరే అలసట అయితే ఏనాడో తీరేది. "సోమయాజులు గారూ" అని వెనకనుంచి ఎవరైనా పిలిస్తే చాలు, ఆయనకు వీపు మీద చెమట పట్టేది. రోజుకు ఒక్క గంట తనను ఎవరూ ఏమీ అడగకుండా ఉంటే బతికిపోతానని ఆయనకు గట్టిగా అనిపిస్తూ ఉండేది.

అది రెండువేల ఏడు, ఏప్రిల్ నెల. ఇలియాస్ నెట్ సెంటర్‌లో నాలుగు క్యాబిన్లు, ఒక ప్రింటరు, గోడకి తిరుగుతూ మొత్తుకునే ఒక ఫ్యాను ఉన్నాయి. ఇలియాస్ హాల్‌టికెట్టు కోసం నాలుగుసార్లు ప్రయత్నించి తల అడ్డంగా ఊపాడు.

"సైటు తెరుచుకోవట్లేదు సార్. ఓ గంట పడుతుంది. బయటికెళ్ళారంటే మళ్ళీ ఎవరో పట్టుకుంటారు మిమ్మల్ని. మూడో క్యాబిన్ ఖాళీగా ఉంది, కూర్చోండి. ఆట పెడతా."

"నాకు ఆటలేం వచ్చు బాబూ?"

"వచ్చేదేముంది సార్! ఇందులో ఒక పెద్ద ఊరుంటది. ఎక్కడెక్కడి వాళ్ళో నెట్‌లో కలిసి అందులో తిరుగుతుంటారు. మీరూ ఒక మనిషిని తయారుచేసుకుని తిరగడమే. ముందు క్లాసు ఎంచుకోవాలి. క్లాసంటే ఆ మనిషి చేసే పని. కత్తి పట్టేవాడా, బాణం వేసేవాడా, మంత్రగాడా అని. కొట్లాట వద్దనుకుంటే చేతిపనుల వాళ్ళు ఇదిగో, కిందున్నారు. ఒకసారి నొక్కితే మాత్రం మళ్ళీ మార్చడానికి లేదు."

"ఉద్యోగం లాగే," అన్నారు సోమయాజులు గారు. కళ్ళజోడు సవరించుకుని ఆ బొమ్మలన్నీ వరసగా చూశారు. "వీళ్ళందరిలో ఎవరి దగ్గరకి ఎవరూ రారు?"

నెట్ సెంటర్ పెట్టాక ఇలియాస్‌ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అందరూ ఎవరు గట్టిగా కొడతారనే అడిగారు. అతను కాసేపు ఆలోచించాడు.

"కమ్మరి?"

"కత్తులకోసం ఎగబడతారు. వద్దు."

"మందులు నూరేవాడు?"

"ఊరంతా నాడి చూపించుకోవడానికి వస్తుంది."

"వంటవాడు?"

సోమయాజులు గారికి భార్య సరోజినీదేవి గుర్తొచ్చింది. ఆవిడను చూస్తూ చూస్తూ ఆ పని ఎవరూ కోరి తీసుకోరు.

"పోనీ ఇదిగో సార్, పత్రాలు రాసేవాడు ఉన్నాడు..."

"ఆ మాట ఎత్తకు బాబూ!" అని ఆయన కుర్చీలోంచి సగం లేచారు.

"అయితే దర్జీ తీసుకోండి. ఇందులో అందరూ ఇనప కవచాలు వేసుకుని తిరుగుతారు. బట్టలు కుట్టించుకునేవాడు ఎవడు? రెండేళ్ళలో ఒక్క దర్జీని కూడా చూళ్ళేదు నేను."

సోమయాజులు గారు నొక్కేశారు. తెర మీద బక్కపల్చని మనిషి ఒకడు సూదీ దారం పట్టుకుని ఒక గుడిసె ముందు కూర్చున్నాడు. వాడు కుడుతుంటే ఎవరూ పలకరించలేదు. ఎదురుగా వీరులు పరుగులెత్తారు, రాక్షసులు అరిచారు, ఎవరూ వాడి వంక చూడలేదు. ఆ గంటా సోమయాజులు గారు ఎవరికీ అక్కర్లేని గుడ్డ ముక్కలు ఎంతో శ్రద్ధగా కుట్టారు. ఆ మధ్య కాలంలో ఆయన అంత సుఖపడింది లేదు. హాల్‌టికెట్టు వచ్చింది కానీ మర్నాడు సాయంత్రం కూడా ఆయన కాళ్ళు అటే తీసుకెళ్ళాయి.

మూడో రోజున చిక్కు మొదలైంది. బాణాలవాడొకడు గుడిసె ముందు ఆగి, రాక్షసుల దగ్గర దొరికిన సొమ్ము పెట్టుకోవడానికి చోటు చాలడం లేదనీ, దర్జీ కుట్టిన సంచీ ఉంటే రెట్టింపు పడుతుందనీ, ఒక్కటంటే ఒక్కటి కుట్టిపెట్టమనీ బతిమాలాడు. ఎంతటి వీరుడైనా సంచీ లేకుండా బజారుకు వెళ్ళలేడు గదా! సోమయాజులు గారు కాదనలేకపోయారు. మర్నాటికి గుడిసె ముందు ఆరుగురు నిలబడ్డారు. ఆ మర్నాటికి చుట్టుపక్కల ఊళ్ళలో ఆడేవాళ్ళు కూడా చేరి, పెనుగొలను నుంచి ఇద్దరు కత్తివీరులు, వినగడప మంత్రగాడొకడు కలిపి పన్నెండుమంది అయ్యారు. ఆ ఆటలో ఉన్న ఒకే ఒక దర్జీ ఆయన.

అప్పటికైనా లేచి వచ్చేయవచ్చు. కానీ ముప్ఫై ఏళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్నవాడి ముందు పన్నెండుమంది నిలబడితే చేతులు ఊరుకోవు. ఆయన జేబులోంచి కాగితం తీసి, వరస సంఖ్యలు వేసి, పేర్లు నమోదు చేశారు. అర్జీలు పెట్టుకోవడానికి వేళలు కూడా నిర్ణయించారు. ఆఫీసులో ఉన్నదే ఇక్కడా పోగేసుకున్నానని తెలిసి ఆయనకు ఏడుపొచ్చింది. అయినా పన్నెండో వాడి పేరు కింద గీత తిన్నగా కొట్టారు.

ఆ కాగితం ఆదివారం పొద్దున సరోజినీదేవి చొక్కా నానబెట్టబోతుంటే జేబులో దొరికింది. ముత్యాల్లాంటి అక్షరాలు: "నారబట్ట అరవై తానులు సేకరించవలెను. పెద్ద సంచులు పన్నెండు, అత్యవసరము. పెనుగొలను వారికి ముందుగా. సాయంత్రం 5.30కు ఇలియాస్ షాపులో అందజేయవలెను."

ఆవిడ బావి గట్టున అలాగే కూర్చుండిపోయింది. కూతురి చదువు కోసం ఈ వయసులో ఆయన దొంగచాటుగా మిషను తొక్కుతున్నాడన్నమాట! ఆయన్ని అడిగితే చిన్నబుచ్చుకుంటాడని అడగలేదు. కడుపులో దాచుకోలేక పక్కింటి సుబ్బాయమ్మతో చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఊరుకో సరోజినమ్మా! కష్టపడి కుట్టుకుంటే తప్పేంటి? ఇంతకీ అంచులు కూడా కుడతారా?" అంది సుబ్బాయమ్మ.

సాయంత్రానికి పాత చీరలు మూడు వచ్చాయి. మర్నాడు వీధి చివరి వాళ్ళ దిండు గలీబులు, ఆ మర్నాడు ఆఫీసులో అటెండరు లాజరు చిరిగిన గొడుగు వచ్చాయి. తిరువూరు జనం మర్యాదస్తులు. ఎదుటివాడి కష్టం ఎత్తి బాధపెట్టరు, పని ఇచ్చి ఆదుకుంటారు. బట్టలెందుకు ఇస్తున్నారో సోమయాజులు గారికి బొత్తిగా అర్థం కాలేదు. అడిగితే మాట పెరుగుతుందని భయపడి, "అలా పెట్టండి" అని అన్నీ తీసుకున్నారు. ఇంట్లో మాత్రం ఒక వింత జరిగింది. భార్య కూరగాయలు తెమ్మనడం మానేసింది. కాఫీ అడక్కుండానే రెండోసారి ఇస్తోంది. ఎందుకో తెలియకపోయినా ఆయన నోరు మూసుకుని తాగారు.

పదోరోజున ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. సోమయాజులు అనే ఉద్యోగి అనుమతి లేకుండా బస్టాండు దగ్గర సంచుల వ్యాపారం చేస్తున్నాడని సారాంశం. నిండా అక్షరదోషాలు. చాలాకాలానికి ఆ ఊళ్ళో ఆయనచేత రాయించుకోకుండా సొంతంగా రాసిన అర్జీ అదొక్కటే. ఆఫీసరు జయకృష్ణ కొత్తగా వచ్చినవాడు, ముప్ఫై నాలుగేళ్ళవాడు, స్వతహాగా మంచివాడు. ఆయన్ని గదిలోకి పిలిచి తలవంచుకుని మాట్లాడాడు.

"సోమయాజులు గారూ, నాకు చాలా ఇబ్బందిగా ఉందండి. మీకు మెమో ఇవ్వాలి."

"ఇవ్వండి సార్."

"ఇవ్వచ్చు. కానీ మన ఆఫీసులో మెమో రాయడం..."

జయకృష్ణ తెల్లకాగితం ఒకటి ఆయన వైపు జరిపాడు.

"డ్రాఫ్టు పెడతాను సార్," అన్నారు సోమయాజులు గారు నీరసంగా.

తన మీద తానే అభియోగం రాసుకోవడం మొదట ఆయనకు గోరుచుట్టు మీద రోకలిపోటులా ఉంది. మూడో పేరాలో 'సస్పెన్షను' అనే మాట దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. సస్పెండైన వాడి చేత అర్జీ రాయించుకునే ధైర్యం ఎవడికుంటుంది? వాడి చేతి శుభలేఖ ఎవడు పంచుతాడు? కనీసం ఆర్నెల్లు ఊళ్ళో ఒక్కడూ గుమ్మం తొక్కడు. గంట అనుకుంటే ఆర్నెల్లు! ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని జీవితంలోకెల్లా ఘనమైన మెమో రాశారు. తరవాత దానికి తానే సంజాయిషీ రాశారు: "ఆరోపణ అక్షరాలా నిజము. ఇంతవరకు నలభై ఏడు సంచులు కుట్టియున్నాను. పశ్చాత్తాపము లేదు."

"ఇలా ఒప్పేసుకుంటే ఎలాగండీ?" అన్నాడు జయకృష్ణ బాధగా.

"చర్య తీసుకోండి సార్. మొహమాటపడకండి."

"తీసుకోవాలంటే ముందు నేను వెళ్ళి ఆ సరుకు చూడాలటగా. ఆరో పేరాలో ఉంది."

ఆరో పేరాలో స్థల పరిశీలన సంగతి రాసింది సోమయాజులు గారే. మంచి డ్రాఫ్టులో అది లేకపోతే వెలితిగా ఉంటుందని రాశారు.

గురువారం నాలుగింటికి జయకృష్ణ ఫైలు చంకన పెట్టుకుని నెట్ సెంటర్‌కు వెళ్ళాడు. సంచులేవి, మిషనేదని అడిగితే ఇలియాస్ హడలిపోయి మూడో క్యాబిన్‌లో తెర చూపించాడు.

"దర్జీ వీడే సార్. సంచులు ఇందులోనే ఉంటాయి. బయటికి రావు."

జయకృష్ణ తెర మీదికి వంగి చూశాడు. పూర్తిగా పరిశీలించకుండా రిపోర్టు రాయడం తప్పని చెప్పి నాలుగో క్యాబిన్‌లో కూర్చున్నాడు. ఇలియాస్ క్లాసు ఎంచుకోమన్నాడు. ఆఫీసరు క్షణం కూడా ఆలోచించకుండా కత్తి పట్టాడు. పరిశీలన ముగిసేసరికి ఏడు దాటింది.

మర్నాడు ఫైలు మూతపడింది. సంచులు భౌతికంగా లేవు కనుక ఆరోపణ నిరాధారమని తేలింది. సోమయాజులు గారు ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నారు. ఆర్నెల్ల విశ్రాంతి పోయింది. ఇంటికెళ్ళి భార్యకు జరిగిందంతా చెప్పారు.

"ఆటా?" అంది సరోజినీదేవి.

"ఆటే."

ఆవిడ మూలన పెరిగిన బట్టల గుట్ట వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది. "నిజంగా కుట్టినా నయంగా ఉండేది. సుబ్బాయమ్మ గారికి ఏం చెప్పనిప్పుడు? లేవండి, ఎవరివి వాళ్ళకి ఇచ్చి రండి. వచ్చేటప్పుడు వంకాయలు పట్టుకురండి."

ఆయన ఇల్లిల్లూ తిరిగి బట్టలన్నీ ఇచ్చేశారు. ముగ్గురు బట్టలు తీసుకుని, పనిలో పనిగా తలో అర్జీ చేతిలో పెట్టారు. ఆయన కాదనలేదు. కాళ్ళీడ్చుకుంటూ వంకాయల సంచీతో నెట్ సెంటర్‌కు చేరి మూడో క్యాబిన్‌లో కూలబడ్డారు. గుడిసె ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. ఆ వరసను తోసుకుంటూ కొత్త కత్తివీరుడొకడు ముందుకొచ్చాడు. పెట్టుకోవడానికి చోటు చాలక కిందపడ్డ సొమ్మంతా అతని కాళ్ళ దగ్గర కుప్పగా ఉంది. తెర మీద మాటలు కదిలాయి: "సోమయాజులు గారూ, నేనే. జయకృష్ణని. అర్జెంటుగా ఒక పెద్ద సంచీ కావాలి."

పక్క క్యాబిన్‌లో ఆఫీసరు గొంతు సవరించుకోవడం వినిపించింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ సోమయాజులు గారు కుర్చీలోంచి లేవబోయారు. మోకాళ్ళు నొప్పిపుట్టి మళ్ళీ కూర్చున్నారు. తెర మీద చూస్తే ఆ కత్తివీరుడు నిన్న పుట్టినవాడు. ఈ దర్జీ ఆ ఊరికంతటికీ ఒక్కడు. వరసలో అతనికన్నా ముందు ఇరవై ముగ్గురున్నారు. వద్దనుకుంటే సంచీ కుట్టక్కర్లేదని, కుట్టకపోయినా ఎవరూ మెమో ఇవ్వలేరని ఆయనకు అప్పుడు తట్టింది.  ఆయన ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కుతూ టైపు చేశారు.

"రేపు రండి."

 కత్తివీరుడు కత్తి ఒరలో పెట్టి, వినయంగా ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎన్నింటికి రమ్మంటారండీ?"