సర్వేయరు కుట్టిన సూటు

మా బావమరిదికి పెళ్ళి కుదిరిందన్న కబురు రాగానే మా ఆవిడ సంబరపడిపోయింది. నేను బీరువా వైపు చూశాను. పెళ్ళంటే నలుగురికీ కొత్త బట్టలు. గుడ్డకో ధర, కుట్టుకూలికో ధర. పైగా మా వీధి చివరి దర్జీ. ఆయన్ని అందరూ ‘రేపు మాస్టారు’ అంటారు. ఏరోజు వెళ్ళినా రేపు రమ్మంటాడు.

ఆయన ఆలస్యం చేస్తే నేనేమీ అనుకోను. ఆయన అడిగే గుడ్డతోనే నాకు పేచీ. నా లెక్కకి సరిపోయేదానికంటే ఎప్పుడూ ఇంకాస్త అడుగుతాడు. ఎందుకయ్యా అంటే, కుట్టుకి వదలాలి సార్ అంటాడు.

నేను సర్వేయరుని. ఎవరి స్థలం ఎక్కడిదాకానో గొలుసు పరిచి తేల్చడం నా ఉద్యోగం. గీత గీశానంటే అదే హద్దు. అటో వేలెడు, ఇటో వేలెడు వదులుకుంటూ పోతే దేశంలో ఒక్క స్థలమూ మిగలదు. కుట్టుకి వదలడమనేది దర్జీలంతా కలిసి తరతరాలుగా సాగిస్తున్న ఆక్రమణ అని నాకు గట్టి నమ్మకం.

అందుకని ఆవేళ భోజనాల దగ్గర మా ఇంట్లో నా పథకం ప్రకటించాను. వాడిన బట్టలు అమ్మే దుకాణంలో పెద్ద సైజువి చవగ్గా కొనడం, విప్పి మన కొలతలకి కత్తిరించడం, ఇంట్లోనే కుట్టడం.

“కుట్టేదెవరు?” అంది మా ఆవిడ.

“నేను.”

“మీరు పోయినసారి చొక్కాకి గుండీ కుట్టారు. చొక్కానీ బనీనునీ కలిపి కుట్టారు.”

“అది తొందరలో జరిగింది.”

“సరే, మీ ఇష్టం. కానీ పెళ్ళికొడుకు అక్కని నేను. నా పిల్లలు మావాళ్ళ మధ్య నవ్వులపాలైతే మాత్రం, ఆ పెళ్ళిలో నేను మీ పక్కన నిలబడను.”

ఆ మాట ఆవిడ నవ్వుతూ అనలేదు. పుట్టింటివాళ్ళ ముందు ఆవిడ పరువంతా నా కత్తెర మీద ఆధారపడి ఉందని నాకూ తెలుసు. తెలిసే సరేనన్నాను.

మార్కెట్ వెనక సందులో ఉంది ఆ దుకాణం. దాని యజమానురాలు బట్టల గుట్ట మీదే కూర్చుని వ్యాపారం చేస్తుంది. నా మొహం చూడగానే మూట కట్టడం మొదలుపెట్టింది. పూల దుప్పట్లు, కిటికీ తెరలు, ఎవరో భారీ మనిషి తొడిగి వదిలేసిన సూటు. ఆ సూటులో నేనూ, మా ఆఫీసు అటెండరూ కలిసి పట్టేవాళ్ళం. ఇంత గుడ్డ ఇంత తక్కువకి వచ్చిందని దారి పొడుగునా మురిసిపోయాను.

మా అత్తగారిచ్చిన తొక్కుడు మిషను మీద ఇన్నాళ్ళూ పాత పేపర్లు కాపురం ఉండేవి. వాటిని ఖాళీ చేయించాను. పిల్లలిద్దర్నీ గోడకి నిలబెట్టి, ఊపిరి బిగపట్టమని చెప్పి, ఆఫీసు టేపుతో కొలిచాను. కొలతలన్నీ కాయితం మీద పటంగా గీశాను. అలవాటు కొద్దీ పక్కన ఉత్తర దిక్కు బాణం కూడా వేశాను. ఇందులో ఉత్తరం ఏ వైపు నాన్నా, కాలరా, జేబా అని మా అమ్మాయి అడిగింది. దాన్ని చదువుకోమని పంపేశాను.

గీత మీదే కత్తిరించాను. పోగు కూడా వదల్లేదు.

మొదట తయారైంది నా ప్యాంటు. మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది, అక్కణ్ణించి ఎంత లాగినా కదల్లేదు. మా అబ్బాయికి తొడిగితే నడుం సరిగ్గా పట్టింది. అయితే ఇది వాడిదే అనుకుందామన్నాను. తరవాత వాడి కోసం కుట్టిన చొక్కా వాడి చెల్లెలికి సరిపోయింది. చెల్లెలి కోసం కుట్టిన గౌను ఎవరికీ సరిపోలేదు. మా ఇంట్లో అంతకంటే చిన్నవాళ్ళు లేరు.

గుడ్డ కుంచించుకుపోయిందని చెప్పాను.

“తడపకుండానే?” అంది మా ఆవిడ.

నేను దుకాణానికి వెళ్ళి ఇంకో మూట తెచ్చాను. అదీ అలాగే తయారైంది. చివరికి పిల్లలు ఊపిరి తీయకుండా ఉంటే తొడుక్కోగలిగిన బట్టలు ఒక్కో జత తేలాయి. పెళ్ళికి అవి చాలన్నాను. తన బట్టల జోలికి మాత్రం రావద్దని మా ఆవిడ ముందే చెప్పేసింది.

నా సూటు మాత్రం దివ్యంగా వచ్చింది. చేతులు కిందికి వేలాడేసి, నిటారుగా, ఎటూ తిరక్కుండా నిలబడితే అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు. ఇది కూర్చోడానికి పనికిరాదండీ, మీకు ఇంకోటి కుట్టి పెట్టనా అని మా ఆవిడ అడిగింది. గీసిన హద్దు జరపడం నా సర్వీసులో లేదని చెప్పాను. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పెళ్ళింట్లో మాకో గది ఇచ్చారు. నేను సూటులోకి దూరడానికి తంటాలు పడుతుంటే మా ఆవిడ ఇంకో పెట్టె తెరిచింది. చూస్తుండగానే మా అమ్మాయి కుచ్చుల గౌనులో గిర్రున తిరిగింది. మా అబ్బాయి చేతులు పైకెత్తి చూపించాడు, ఎక్కడా పట్టెయ్యలేదు. మా ఆవిడ భుజాన అంచు కుట్టిన శాలువా.

“ఎక్కడివివి?” అన్నాను.

“మీ దుకాణంలోవే.”

“కుట్టిందెవరు?”

“మీరు గొలుసు పట్టుకుని వెళ్ళాక మిషను ఖాళీగానే ఉండేదిగా.”

పిల్లలకి అంతా తెలుసు. ఒక్కరూ నాతో అనలేదు. మరి నాకేదీ అని అడగబోయి, అడిగే మొహం లేక ఊరుకున్నాను.

పెళ్ళిలో ఒక్కసారే కూర్చోబోయాను. కుర్చీ తగలకముందే వెనక పర్రుమంది. అంతే, గోడకి వీపు ఆనించి నిలబడిపోయాను. మా మామగారు వచ్చి కూర్చోమన్నారు. పెద్దవాళ్ళు కూర్చోనివ్వండి అన్నాను. భోజనానికి పిలిచారు, అందరిదీ అవనివ్వండి అన్నాను. చెయ్యి నోటిదాకా లేవదని చెప్పలేను కదా. ఆయన కళ్ళు చెమర్చాయి. పొద్దుటినుంచీ మా అల్లుడు ఒక్క క్షణం కూర్చోలేదని ఊరందరికీ చెప్పుకున్నారు.

ఫొటోకి పిలిచినప్పుడు తప్పలేదు, గోడ వదిలాను. బావమరిది భుజం మీద చెయ్యి వేయమన్నాడు ఫొటోగ్రాఫరు. వేశాను. చంక దగ్గర్నించి కోటు చెయ్యి మొత్తం ఊడి మోచేతి మీదికి జారింది. మా ఆవిడ గబగబా వచ్చి చిరిగిన వైపు నిలబడి, తన శాలువా నా భుజం మీద కప్పింది. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఆవిడ నా పక్కన నిలబడినందుకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. మా అత్తగారూ, ఆవిడ కొత్త వియ్యపురాలూ మా అమ్మాయి గౌను పట్టుకుని చూస్తూ ఇది ఎవరు కుట్టారని అడిగారు.

“ఆయనే,” అంది మా ఆవిడ. “అన్నీ ఆయనే కుట్టారు.”

నేను నోరు తెరిచాను. కాదంటే, మరి మీరు కుట్టిందేదీ అంటారు. శాలువా గట్టిగా పట్టుకుని నోరు మూసేశాను. తిరుగు ప్రయాణంలో మా సామాను పెరిగింది. అత్తగారి గుడ్డలు ఒక మూట, వియ్యపురాలివి ఒక మూట.

ఇంటికి రాగానే మా ఆవిడ పని పంచింది. కుట్టడం తనది. మిషను గది తలుపు మూసి ఉండాలి, ఎవరైనా వచ్చి చూస్తే పోయేది నా పేరే. తను కుడుతున్నంతసేపూ వంటా, గిన్నెలూ, పిల్లల చదువూ నావి.

“మీకింత మంచి పేరొచ్చాక నేను పాడుచేస్తానా?” అంది.

మొన్న అంట్లు తోముతుంటే మా అత్తగారు ఫోను చేశారు. ఫోను మోగగానే గదిలో మిషను చప్పుడు ఆగింది. తన బట్టలు ఎంత బాగా కుదిరాయో ఆవిడ చాలాసేపు చెప్పారు. అంత పని మీరొక్కరే చేస్తుంటే మా అమ్మాయి ఏం చేస్తోందని అడిగారు. లోపల పడుకుందన్నాను. పోనీలెండి అని నిట్టూర్చారు.

“మీ చేతిలో ఏదో ఉంది అల్లుడుగారూ,” అన్నారు.

ఉన్నమాటే. గిన్నెలు తోమే పీచు ఉంది.