శుక్రవారం నొక్కని బటన్

శుక్రవారం శ్యాంసుందర్‌కు ఆఫీసు సెలవు. ఆ పొద్దున అతను పెట్టుకున్న పని ఒక్కటే, టీ చల్లారేలోగా మామగారి టెంట్‌హౌస్ యాప్‌ను కాస్త శుభ్రం చేయడం. విప్పిన చొక్కా ఏ కుర్చీ మీద పడేశాడో చెప్పలేడు గానీ, కోడ్‌లో చిందరవందర కనిపిస్తే అతనికి అన్నం సహించదు.

కరీంనగర్‌లో సదానందం టెంట్‌హౌస్‌కు కింద గోదాము, పైన అందరూ ఉండే ఇల్లు. ఏడాది కిందట అల్లుడు యాప్ రాసిచ్చాడు, కూతురు అలేఖ్య దాన్ని నడుపుతోంది. ఫోన్‌లో అది తెరిస్తే పెళ్లి, ఒడిబియ్యం, పుట్టువెంట్రుకలు, గృహప్రవేశం, పోయినవాళ్లకు చేసే దినాలు అంటూ బటన్ల వరస వస్తుంది. ఏది నొక్కితే దానికి బండిలో ఎక్కించాల్సిన సామాను కనిపిస్తుంది. సదానందానికి ఆ ఫోన్ మీద నమ్మకం లేదు. "ఈ నెల ఒక్క బుకింగ్ తప్పకపోతే గోదాం తాళాలు నీకే బిడ్డ. తప్పిందా, మా అన్న కొడుకు తిరుమలకు ఇస్త" అన్నాడు. నెలంతా ఏదీ తప్పలేదు. ఇంక మిగిలినవి ఈ శుక్రవారం బుకింగులు రెండే. జమ్మికుంటలో రామచంద్రం గారి అమ్మాయి పెళ్లి, జమ్మికుంట దారిలోనే ఒక ఊళ్లో బుచ్చిరాములు ఇంట దినాలు.

అలేఖ్య దీపం పెట్టి లేచేసరికి భర్త లాప్‌టాప్ ముందున్నాడు.

"ఏం చేస్తున్నవ్?"

"కోడ్ల స్విచ్ అనే ముక్కను సాఫ్ చేస్తున్న. ఏ బటన్‌కు ఏ పేజీ అని ఒక్కొక్కటి రాసుకుంట పోయిన, బారెడైంది. చదువుతుంటే నాకే సిగ్గైతుంది."

"ఇయ్యాల్నే చెయ్యాల్నా? రెండు బండ్లు పోయేటియి ఉన్నయి."

"ఐదు నిమిషాల పని. ఇటు చూడు, పెండ్లికి, దినాలకు సామానంత ఒక్కటే. గవే షామియానాలు, గవే టేబుళ్లు, గవే బగారా గంజులు, గవే మటన్ గిన్నెలు. ఒక్కదాన్నే రెండుసార్లు రాసిన."

"తినేటోళ్లు గుడ ఒక్కటే" అని అలేఖ్య వంటింట్లోకి పోయింది.

రెండు పేజీలకూ తేడా ఆఖరి నాలుగు వరుసల్లోనే ఉంది. పెళ్లికైతే రంగుల పరదాలు, పూల గేటు, బుడ్డ లైట్లు, మహారాజా కుర్చీల జత. దినాలకైతే తెల్ల పరదాలు, అంతే. శ్యాంసుందర్ రెంటినీ కలిపి 'విందు' అని ఒకే పేజీ చేశాడు. ఎవరూ ప్రత్యేకంగా మార్చకపోతే ఆ నాలుగు వరుసలు పెళ్లివే వచ్చేట్టు పెట్టాడు. పెళ్లి బటన్ నొక్కి చూశాడు. పేజీ చక్కగా తెరుచుకుంది. బారెడు కోడ్ బెత్తెడైంది. అతను దాన్ని అందరి ఫోన్లకూ పంపి, చల్లారిన టీని తృప్తిగా తాగాడు.

తొమ్మిది దాటాక డ్రైవర్ అంతయ్య ఫోన్ చేశాడు. దినాల సామాను పట్టుకుపోయింది అతనే.

"చెల్లె, కుర్చీలు ఏసిన, గేటు నిలబెట్టిన, లైట్లు గుడ పెట్టిన. గని పెండ్లిపిల్ల ఏదంటే ఒక్కలు చెప్తలేరు."

"పెండ్లిపిల్ల ఏందన్నా? అది దినాల ఇల్లు."



"గందుకేనా ఏడుస్తున్నరు" అన్నాడు అంతయ్య. "నేను అప్పగింతలనుకున్న."

"గింత పొద్దుగాల్ల అప్పగింతలేంది? కొడుకుల గుండ్లు చూడలేదా?"

"తిరుపతి పోయొచ్చిండ్రనుకున్న."

"జర అనుమానం రాలేదా అన్నా?"

"ఎందుకు రాలే? వచ్చింది. గని ఫోన్ల ఏముంటే గదే ఎక్కియ్యాలె, సొంత తెలివి పెట్టొద్దని మీ బాపే చెప్పె."

అలేఖ్య ఆ ఫోన్ పెట్టేలోపే జమ్మికుంట నుంచి రామచంద్రం ఫోన్ వచ్చింది. ఆయన గొంతు మెత్తగానే ఉంది గానీ అది మంచి మెత్తదనం కాదు.

"అన్ని వచ్చినయమ్మా, మహారాజా కుర్చీలే రాలేదు. మీ మనిషి తిరుమలను అడుగుతే, మొదటి బండిల వచ్చినయి గద, మీరే ఏడనో పెట్టిండ్రు అంటున్నడు. మా ఇంటికొచ్చింది ఒక్కటే బండి. మేం కుర్చీలు దాచిపెట్టే మనుషుల లెక్క కనవడుతున్నమా?"

పెళ్లి బండి తీసుకుపోయిన తిరుమల తప్పేమీ లేదు. గోదాములో కుర్చీలు కనబడకపోతే, ముందు బండిలో జమ్మికుంటకే పోయి ఉంటాయనుకున్నాడు. దినాలకు మహారాజా కుర్చీలు పోతాయని ఎవరనుకుంటారు? ఆ కుర్చీలు టెంట్‌హౌస్ మొత్తానికి ఒకటే జత. ఐదు నిమిషాల్లో చెప్తానని రామచంద్రానికి చెప్పి, అలేఖ్య లాప్‌టాప్ దగ్గరికి వచ్చి నిలబడింది. శ్యాంసుందర్‌కు సంగతి చెప్పకముందే అర్థమైంది.

"పెండ్లిది నొక్కి చూసినవ్ గద, దినాలది ఎందుకు నొక్కలే?"

"శుక్రవారం. నువ్వు అప్పుడే దీపం పెట్టి లేస్తున్నవ్" అన్నాడు అతను మెల్లగా. "గప్పుడు దినాలు ఎట్ల నొక్కాలె?"

 అతను గనక నొక్కి ఉంటే, శుక్రవారం పూట ఆ పాడు బటన్ ఎందుకు నొక్కావని తిట్టేది అలేఖ్యే. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

అంతయ్యకు తిరిగి ఫోన్ చేసి, కుర్చీలు రెండూ బండిలో వేసుకుని జమ్మికుంట పొమ్మంది.

"ఎట్ల తియ్యాలె చెల్లె? పెద్దమనిషి ఒకదాంట్ల కూసున్నడు. ఇంకోదాంట్ల ముసలవ్వ ఫొటో పెట్టిండ్రు. నాతోని కాదు, నువ్వే మాట్లాడు" అని ఫోన్ బుచ్చిరాములు చేతికిచ్చాడు.

"తాతా, టెంట్‌హౌస్ సదానందం బిడ్డను. సామాను మారింది. కుర్చీలు తీస్కపోతరు, ఏమనుకోకు."

"ఎందుకు బిడ్డా? మా బాలవ్వ మంచిగ కూసున్నది." ముసలాయన గొంతులో ఫిర్యాదు లేదు. "మా పెండ్లికి గొంగడి ఏసి కూసోవెట్టిండ్రు. గది గుచ్చుకున్నదని మొన్న మంచంల పడ్డదాక నన్నే తిట్టె, గొంగడి నేనే నేసినట్టు. అందరు తిన్నదాక కూసోనియ్యి. అటెన్క తీస్కపో."

అలేఖ్య సరే తాతా అంది. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే మెట్ల మీద తండ్రి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. తాళాల గుత్తి నడుముకు వేలాడుతోంది.

"సరే అన్నవా?" అన్నాడు సదానందం. "పెండ్లోళ్లకు ఏం జవాబు చెప్తవ్? నేను గుంజుకొస్త. జర పన్నీరు చల్లి జమ్మికుంట తోలుతే ఏడికెళ్లి వచ్చినయో ఎవలకెర్క?"

"నాకెర్క గద బాపు."

"నీకెర్కుంటే ఏమైతది? గాళ్లకు తెల్వద్దు, అంతే."

ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. ముప్పై ఏళ్లుగా ఆయన వ్యాపారం అలాగే సాఫీగా నడిచింది. శ్యాంసుందర్ మామ వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూసి, ఇద్దరికీ దూరంగా జరిగి లాప్‌టాప్ మూశాడు. అలేఖ్య తాళాల గుత్తి వైపు చూడకుండా రామచంద్రానికి ఫోన్ కలిపింది.

"అంకుల్, కుర్చీలు దినాల ఇంటికి పోయినయి. తప్పు మాదే. తెప్పిచ్చి తుడిచిపెడితే మీకు తెల్వకపోవు. గని మీకు చెప్పకుండ ఆ కుర్చీల మీద మీ పిల్లను కూసోవెట్ట నాకు బుద్ది కాలె."

అవతల సన్నాయి వినిపిస్తోంది. దాని వెనక ఎవరో బగారా మాడుతోందని అరుస్తున్నారు. 

"ఎట్లనన్న పీటల మీదనే గద పెండ్లి" అన్నాడు రామచంద్రం. "కుర్చీలు ఫొటోలకు. ఇంట్ల సోఫా ఉన్నది, దానికి పట్టుచీర కప్పుతం. మీకు కుర్చీల పైసలు మాత్రం ఇయ్య."

"వద్దంకుల్."

ఫోన్ పెట్టాక ఆమె తండ్రి ముఖం చూసింది. ఆయన బండి తాళం తీసుకుని, దినాల ఇంటికి మాఫీ అడగడానికి పోయాడు. నెలలో ఒక్క బుకింగ్ తప్పితే అన్నాడు, ఇక్కడ రెండూ తప్పాయి. అలేఖ్య పప్పుకు పోపు పెట్టింది గానీ ఉప్పు వేసిందో లేదో గుర్తులేదు. వేయలేదని శ్యాంసుందర్‌కు తెలిసింది. అతను దాన్ని అలాగే తిన్నాడు.

సాయంత్రం పొద్దుగూకుతుండగా సదానందం వచ్చి కుర్చీలో కూలబడి నీళ్లు అడిగాడు.

"బుచ్చిరాములు ఏమన్న అన్నడా బాపు?"

"మాఫీ చెయ్యమన్న. మాఫీ ఎందుకు అన్నడు. తిననీకి వచ్చినోళ్లంత కుర్చీల కాడ ఫొటోలు దిగిండ్రు. ఊర్ల ఇద్దరు ముసలోళ్లు నన్ను పక్కకు పిలిచి, మాకు గుడ గట్లనే పెట్టాలె, కొడుకులకు ఇప్పుడే చెప్పిపెడతం అన్నరు." నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "రామచంద్రం ఫోన్ చేసిండు. చిన్నబిడ్డ పెండ్లి గుడ మనకే అన్నడు. మీ అమ్మాయి చెప్పకపోతే నాకు తెల్వకనే పోవు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేనే చెప్పమన్న అని చెప్పిన."

ఆయన నడుము నుంచి తాళాల గుత్తి విప్పి కూతురి ముందు పెట్టాడు. పెడుతూ, తిరుమలకు పొలం పనులు ఎక్కువయ్యాయని, లేకపోతే వాడికే ఇచ్చేవాడినని ఎవరూ అడగకుండానే చెప్పాడు. అలేఖ్య గుత్తి తీసుకుని కొంగున ముడేసుకుంది.

శ్యాంసుందర్ ఇదే సందు అనుకుని ముందుకు వచ్చాడు.

"మామా, పాత కోడ్ మళ్ల పెట్టిన. ఇగ గా తప్పు జరగది."

సదానందం కంగారుగా తలెత్తాడు.

"ఎట్ల చేసినవో మర్చిపోకు అల్లుడు. మనకు మల్ల కావాలె."

శ్యాంసుందర్ ఉద్యోగ జీవితంలో అందుకున్న మొదటి మెచ్చుకోలు అదే. ఆఫీసులో చెప్పుకోవడానికి మాత్రం వీల్లేకపోయింది.