ఎనభై గ్రాముల పొయ్యి

ఆ ఆదివారం పొద్దున విశ్వనాథ్ పెట్టుకున్న పని ఒక్కటే, గిన్నె ఎంచుకోవడం. వచ్చే శనివారం భీమవరంలో అతను పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఆరుగురు లెక్చరర్లు మారేడుమిల్లి కొండల్లో నడకకు వెళ్తున్నారు. కాఫీ బాధ్యత అతను తన నెత్తిన వేసుకున్నాడు. అందుకోసం ఫోన్లో వెతికి వెతికి ఒక మడత పొయ్యి తెప్పించాడు. మడిస్తే జేబులో పడుతుంది. గ్యాసూ అక్కర్లేదు, కట్టెలూ అక్కర్లేదు. కర్పూరంలా తెల్లగా ఉండే ఇంధనం బిళ్ళ ఒకటి వెలిగిస్తే రెండు గ్లాసుల నీళ్ళు మరుగుతాయట. పొయ్యి బరువు ఎనభై గ్రాములు. ఈ ఎనభై గ్రాముల సంగతి కాలేజీలో వినని మనిషి లేడు. వాచ్‌మన్ రెండుసార్లు విన్నాడు.

ఇంట్లో ఎవరూ లేరు. భార్య ఫణిశ్రీ పక్కింటి సత్యకుమారిగారితో కలిసి పెనుగొండ అమ్మవారి దర్శనానికి వెళ్ళింది. కుక్కర్ పెట్టి ఉంచమనీ, చారు తానొచ్చి పెడతాననీ చెప్పి మరీ వెళ్ళింది. విశ్వనాథ్ కుక్కర్ పని ముగించి, వంటింటి కాటా ముందు వేసుకుని కూర్చున్నాడు. స్టీలు గిన్నె అడుగు వెడల్పు, పొయ్యి కాళ్ళ మీద నిలవడం లేదు. ఇత్తడి చెంబు అరకిలో పైమాటే. అల్యూమినియం గిన్నెలుండేవి కానీ, ఫోన్లో వచ్చిన ఏదో మెసేజీ చదివి ఫణిశ్రీ అన్నీ పాతసామాన్లవాడికి వేసేసింది. ఇక లాభం లేదనుకుంటుండగా పై అరలో చారు గిన్నె కనబడింది.

అరచేతిలో ఇమిడే సత్తు గిన్నె. పొయ్యి మీద కొలిచి చేసినట్టు కూర్చుంది. అది అత్తగారిది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆవిడ సామాను కూతుళ్ళిద్దరూ పంచుకున్నప్పుడు బంగారం దగ్గర రాని పేచీ ఈ గిన్నె దగ్గర వచ్చింది. ఫణిశ్రీ ఒక మాట అంది, నరసాపురంలో ఉండే చెల్లెలు అలేఖ్య రెండన్నది. అంతే, మాటలు బంద్. తల్లి ఆబ్దికం నాడు కూడా అక్కచెల్లెళ్ళు చెరో మూలా కూర్చుని, ఒకరి దగ్గరున్న నెయ్యి గిన్నె ఇంకొకరు మొగుళ్ళ చేత అడిగించుకున్నారు.

ఈ కథంతా విశ్వనాథ్‌కు తెలుసు. తెలియనిదల్లా, సత్తు గిన్నెలో ముందు నీళ్ళు పోసి ఆ తర్వాతే మంట మీద పెట్టాలన్నది. తగరం రెండువందల ముప్ఫై రెండు డిగ్రీల దగ్గర కరుగుతుందని ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్న మనిషే. రోజూ తాను చారు పోసుకునే గిన్నె ఆ తగరమేనన్న ఆలోచన మాత్రం ఒక్కరోజూ రాలేదు. బిళ్ళ వెలిగించాడు, గిన్నె పెట్టాడు, కొలగ్లాసు కోసం లేచాడు. సరిగ్గా అప్పుడే సహోద్యోగి త్రిమూర్తులు ఫోన్ చేశాడు. తన సంచీ ఏడు కిలోలు వచ్చిందని అతను వాపోతే, బరువు తగ్గించుకునే మార్గాల మీద విశ్వనాథ్ ఓపిగ్గా ఉపన్యాసం ఇచ్చాడు.

తిరిగొచ్చేసరికి గిన్నె అడుగు లేదు. అంచు ఒకవైపుకి వాలి ఉంది. వెండిలాంటి చుక్కలు పొయ్యి కాళ్ళ మీదుగా జారి గడ్డకట్టాయి, కొన్ని నేల మీద పడ్డాయి.  ఆ గిన్నెలో చారు మరుగుతుంటే ఫణిశ్రీ ముఖం వంచి వాసన చూసుకునే తీరు విశ్వనాథ్‌కు గుర్తొచ్చింది. అప్పుడే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేసి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. శిథిలాలు పేపర్లో చుట్టి స్కూటర్ డిక్కీలో పడేసి, సామాన్ల కొట్టుకి పరిగెత్తాడు.

దేవుడి దయవల్ల అదే సైజు గిన్నె దొరికింది. కొట్టతను సుత్తీ ఉలీ చేతిలోకి తీసుకుని, పేరు కొట్టించమంటారా అని అడిగాడు. విశ్వనాథ్ ఆగమని చెయ్యెత్తాడు. పాత గిన్నె మీద పేరు ఉందా, లేదా? రెండేళ్ళుగా రోజూ ఆ గిన్నె చారు తాగాడు, గిన్నె వంక ఒక్కసారి సరిగ్గా చూడలేదు. ఫణిశ్రీని అడగడానికి లేదు. తెలిసిన మనిషి ఇంకొకతే ఉంది. గుండె చిక్కబట్టుకుని నరసాపురం ఫోన్ చేసి, అత్తగారి చారు గిన్నె మీద పేరు ఉండేదా అని అడిగాడు.

"అమ్మ తన గిన్నెల మీద ఎప్పుడూ పేరు కొట్టించుకోలేదండీ బావగారూ. ఇప్పుడెందుకూ?" అంది అలేఖ్య.  కొట్టతను సుత్తితో గిన్నె మీద టక్కుమనిపించి చూసుకున్నాడు. ఆ చప్పుడు అటు వినబడింది. ఆడపిల్లకు గిన్నె ఇచ్చేటప్పుడు పేరు కొట్టించి ఇవ్వడం వాళ్ళింట్లో ఆనవాయితీ.

"అక్క నా పేరు కొట్టించమందాండీ?" అని అడిగింది. 

విశ్వనాథ్ "ఊఁ" అన్నాడు. వచ్చే బస్సుకే బయల్దేరుతున్నానని అలేఖ్య ఫోన్ పెట్టేసింది. ఇక చేసేదేముంది, కొత్త గిన్నె మీద అలేఖ్య పేరు కొట్టించాడు. భార్య దగ్గర పాతదని నమ్మించడానికి కొన్న గిన్నె మీద మరదలి పేరు చూసుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంటికొచ్చి దాన్ని బూడిదతో రుద్ది, అప్పడాల కర్రతో రెండు సొట్టలు పెట్టి, అరలో బోర్లించాడు.

రెండు ఆటోలు ఒకదాని వెనకొకటి వచ్చి ఆగాయి. ప్రసాదం పొట్లంతో ఫణిశ్రీ దిగింది. వెనక ఆటోలోంచి అలేఖ్య దిగి, అక్కని చూసి, గేటు దగ్గరే మెడ పట్టుకుని ఏడ్చేసింది. గిన్నె నాకిస్తానని కబురు చేశావుటగా, నేనే ముందు రావలసింది, తప్పు నాదే అని ఒకటే మాటలు. ఫణిశ్రీ చెల్లెలి భుజం మీంచి మొగుడి వంక చూసింది. మొగుడు గేటు గొళ్ళెం వంక చూశాడు.

ఫణిశ్రీ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు గిన్నె చేతిలోనే ఉంది. అలేఖ్య దాన్ని అందుకుని, తన పేరు తడిమి, నాలుగువైపులా తిప్పి చూసుకుంది.

"నాకోసం ఎంత బాగా తోమావే అక్కా. ఇదిగో ఈ సొట్ట చూడు, చిన్నప్పుడు నేను నూతి గట్టు మీంచి పడేసినదే" అని మురిసిపోయింది.

అప్పడాల కర్ర గోడకి ఆనించి ఉంది, ఇంకా బూడిద అంటుకునే ఉంది. ఫణిశ్రీ దాన్ని తీసి గూట్లో పెట్టి, ఆ గిన్నెలోనే చారు కాచింది. మొదటి ముద్దకే అచ్చం అమ్మ చారేనని అలేఖ్య కళ్ళు తుడుచుకుంది.  విశ్వనాథ్ చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఫణిశ్రీ ఇంకాస్త చారు పోసింది.

సాయంత్రం బస్సుకి గిన్నెని గుండెకు హత్తుకుని అలేఖ్య వెళ్ళిపోయింది. అప్పుడు ఫణిశ్రీ కొంగు ముడి విప్పి అతని ముందు పెట్టింది. గోరంత సత్తు చుక్క.

"వంటింట్లో అడుగు పెట్టగానే కాలికి తగిలిందండి" అంది.

"మరి అప్పుడే అడగలేదేం?"

"రెండేళ్ళకి వచ్చింది చెల్లెలు. అడిగితే మళ్ళీ వెళ్ళిపోదూ?"

విశ్వనాథ్ డిక్కీలోంచి పేపరు పొట్లం తెచ్చి ఇచ్చాడు. తప్పయిపోయిందన్నాడు. గిన్నె కరగడం పొరపాటేననీ, దాచడమే అసలు తప్పనీ అన్నాడు. ఫణిశ్రీ ఆ వంకర అంచుని వేలితో నిమిరింది.

"దానికి అమ్మ గిన్నె దొరికింది. నాకు చెల్లెలు దొరికింది. బాగానే ఉంది. కానీ గిన్నె పోయిందని ఏడుద్దామంటే, చెల్లెలి దగ్గర కూడా ఏడవడానికి వీల్లేకుండా చేశారు నన్ను" అంది మెల్లగా.

 తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ పొట్లం తీసుకుని లోపలికి వెళ్ళి, బీరువాలో తల్లి చీరల కింద పెట్టి వచ్చింది.

త్రిమూర్తులికి ఫోన్ చేసి, కాఫీ ఫ్లాస్కులో తెస్తానని విశ్వనాథ్ చెప్పాడు. తర్వాత పొయ్యిని పెట్టెలో సర్దబోయాడు. కాళ్ళకు కరుచుకున్న సత్తు ఎంత గీకినా రాలేదు, మడత కూడా పడలేదు. అలవాటు కొద్దీ కాటా మీద పెట్టి చూశాడు. నూట పదకొండు గ్రాములు.

పెట్టె మీద మాత్రం 'అత్యంత తేలిక' అని ఇంకా రాసే ఉంది.