బీమా అయిపోయిన భాగ్యవంతుడు

నా మాట వినండి. కారుకు బీమా ఉన్నంతకాలం మనిషి మనిషిగా బతకలేడు!

మీరు నవ్వుతారని తెలుసు. నేనూ మొన్నమొన్నటిదాకా మీలాగే ఏటేటా ప్రీమియం కట్టి, గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయిన అమాయకుణ్ణే. ఈ ఏడాది ఆ శుభకార్యం మరచిపోయాను. అందులో నా గొప్పేమీ లేదు. కంపెనీవాళ్లు పొద్దున లేస్తే లోను కావాలా, క్రెడిట్ కార్డు కావాలా, పళ్లకు పాలసీ కావాలా అని ఫోన్లు చేస్తుంటే విసిగి ఆ నంబరు బ్లాక్ చేశాను. "అయ్యా, మీ కారు పాలసీ అయిపోతోంది" అన్న ఒకే ఒక్క పనికొచ్చే కబురు కూడా ఆ నంబరు నుంచే వచ్చిందట!

తరువాత జరిగింది చిత్తగించండి.

వాన వెలిసిన సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్నాను. ముందు ఒక చిన్న కారు పోతోంది. నెత్తిన 'డ్రైవింగ్ స్కూల్' అని పలక, వెనక ఎర్రటి ఎల్ బోర్డు. సిగ్నల్ దగ్గర ఆ కారు బుద్ధిగా ఆగింది. నేనూ బ్రేకు వేశాను. నా కారు మాత్రం తడి రోడ్డు మీద తీరిగ్గా జారుకుంటూ వెళ్లి దాని డిక్కీని ముద్దాడింది. ముద్దు కాస్త గట్టిగానే పెట్టింది. నా బానెట్ గొడుగులా లేచింది. వాళ్ల డిక్కీ లోపలికి పోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. పక్క సీట్లోంచి డ్రైవింగ్ మాస్టారు, స్టీరింగు ముందు నుంచి ఓ పెద్దావిడ దిగారు. రిటైరయ్యాక కారు నేర్చుకోవాలని ముచ్చటపడ్డ నర్సమ్మగారు. వచ్చే వారమే ఆవిడకు లైసెన్సు పరీక్ష.

"మాస్టారూ, నేను సరిగ్గానే ఆపానా?" అన్నారు ఆవిడ.

"మీరు బ్రహ్మాండంగా ఆపారమ్మా. ఆపనిది ఈయన! ముందు బండికి దూరంగా ఉండకపోతే ఏమవుతుందో మొన్న చెప్పానే, అది ఇదే" అన్నారు మాస్టారు నన్ను చూపిస్తూ.

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా శ్రద్ధగా చూసి, అర్థమైందన్నట్టు తలూపారు.

మాస్టారు పాలసీ అడిగారు. దర్జాగా ఫోను తీశాను. పోయిన వారమే అయిపోయింది! ఆయన మొహం వాడిపోయింది.

"నాది థర్డ్ పార్టీ పాలసీయే సార్, నా కారుకేం రాదు. నాకున్నది ఈ ఒక్క బండే. ఇది షెడ్డెక్కితే స్కూలు మూసుకోవాలి. అమ్మగారి పరీక్షా పోతుంది."

ఇక్కడే మీరు గమనించాలి. బీమా ఉంటే నేనేం చేసేవాణ్ణి? ఆయన చేతిలో ఓ టోల్ ఫ్రీ నంబరు పెట్టి బస్సెక్కేసేవాణ్ణి! లేదు కాబట్టి, "ఖర్చంతా నాదే మాస్టారూ" అన్నాను. మనిషి చేత ఇలాంటి మాట ఏ పాలసీ పలికిస్తుంది, చెప్పండి?

ఇంట్లో ఇంకా మేలు జరిగింది.

"రెన్యువల్ చేశారా అని పోయిన నెల అడిగితే 'ఆఁ' అన్నారు. ఆ 'ఆఁ'కి అర్థమేంటండీ?" అంది మా ఆవిడ.

"విన్నానని."

"కట్టానని కాదన్నమాట!"

ఇన్నేళ్ల కాపురంలో నా 'ఆఁ' మీద ఇంత లోతైన చర్చ ఎన్నడూ జరగలేదు. చివరికి కొత్త సోఫా కోసం దాచిన డబ్బు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "ముందు ఆయన బండి బాగు చేయించండి. పాపం, బతుకుతెరువు. మన పాత సోఫాకేం, కూర్చుంటే లేవనివ్వదు, అంతేగా!" ఏ బీమా కంపెనీ అయినా ఇలా మాట్లాడుతుందా?

రెండు కార్లూ షెడ్డుకు చేరాయి. మెకానిక్ నా బానెట్ చూడలేదు, నన్ను చూశాడు.

"ఇన్సూరెన్సా, క్యాషా సార్?"

వైద్యమంతా ఆ ప్రశ్నలోనే ఉంది! ఇన్సూరెన్స్ అంటే బానెట్ కొత్తది, బంపరు కొత్తది, లైట్లు కొత్తవి, ఆ బెంగతో పాడైపోయిందని వెనక తలుపు కూడా కొత్తదే. క్యాష్ అనేసరికి అతని గుండె కరిగింది. "దీనికేం సార్, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే దారికొస్తుంది" అన్నాడు.

మాస్టారి కారే ముందు చేయమన్నాను. డిక్కీ లాగి, రంగు కొట్టి, పరీక్ష నాటికి ఇచ్చేశాడు. నర్సమ్మగారు పాసయ్యారు! నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు. "బాబూ, ఆగే ముందు వెనకాల ఎవరున్నారో అద్దంలో చూసుకున్నాను. అంతా నీ చలవే!"

ఇక నా కారు. దాని పక్కనే మా బావమరిది కారుంది. అతను ముందుచూపున్న మనిషి. నా బీమా కంపెనీలోనే గడువు రాకముందే ప్రీమియం కడతాడు. ఎవరో గుద్దేసి పోతే, నాకన్నా ఎంతో ముందే కారు తెచ్చి ఇక్కడ పెట్టాడు. అద్దం మీది దుమ్ములో ఎవరో పిల్లి బొమ్మ గీశారు. రోజూ వచ్చి దాన్ని పలకరించి పోతుంటాడు.

"కంపెనీ సర్వేయరు వచ్చి నష్టం లెక్కకట్టందే చెయ్యి వేయకూడదట బావా. రేపొస్తానంటున్నాడు" అంటాడు. ఆ రేపు ముసలిదైపోతోంది.

బాగుపడిన కారును చూడగానే నాకు మళ్లీ పాలసీ బుద్ధి పుట్టింది. షెడ్డులోంచే కంపెనీకి ఫోన్ చేశాను. గడువు దాటింది కనుక తమ మనిషి వచ్చి కారు చూడాలన్నారు. టీ గ్లాసు ఖాళీ చేసేలోపు మనిషి దిగాడు! మెడలో ట్యాగు, మొహం నిండా నవ్వు. కారు చుట్టూ తిరిగి ఫొటోలు తీసి, "ఇప్పుడే కట్టేస్తారా సార్?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

అప్పుడే వచ్చిన మా బావమరిది గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

"బావా, నా సర్వేయరు ఈయనే! సార్, సార్, నా కారు ఇదిగో, మీ మోచేతికి తగులుతోంది. ఇటు తిరిగితే చాలు!"

ఆయన తిరగలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మీది క్లెయిమ్ కదండీ, రేపొస్తాను. ఇవాళ నాకు రెన్యువల్ డ్యూటీ."

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సర్వేయరు రావడం లేదా? పాలసీని చక్కగా గాలికి వదిలేసి, మళ్లీ కడతానని ఒక్క ఫోన్ కొట్టండి. పరుగున వస్తాడు! మా బావమరిది ఆ పనిలోనే ఉన్నాడు. పాలసీ ఎప్పుడు అయిపోతుందా అని క్యాలెండరు ముందు కూర్చున్నాడు.